జడత్వానికి అమ్మ పెట్టిన పేరు

"ఇంక చాలు తమ్ముడూ! ఈ ఇంటిబడి ఇవాళ్టితో మూసెయ్! పెద్దదానికి ఉబ్బసం తగ్గింది కదా, ఇంకా ఎందుకు?" చెప్పులైనా విప్పకుండానే పిల్లల తండ్రితో ఆయన అక్క ఆ మాట అనేసింది. చేతిలో బడి దరఖాస్తు కాగితం! వంటింట్లో గిన్నెలు తోముతూనే ఆయన భార్య అటు చెవి పెట్టింది. ఆయన సంతకం పెడితే రేపటినుంచి పిల్లలిద్దరూ బడికే... మళ్ళీ ఆ దుమ్ము, మళ్ళీ ఆ ఆయాసం!

రెండేళ్ళ కిందట పెద్దది తరగతి గదిలోనే ఊపిరాడక పడిపోతే ఇంటికి తెచ్చేసుకుంది ఆమె. అక్క లేకపోతే నేనూ వెళ్ళనని చిట్టి భీష్మించుకు కూర్చుంది. సరే, ఇద్దరికీ తనే చెప్పుకుందామనుకుంటే, ఆ పెద్దది ఊరుకుంటేనా! "ఇవన్నీ నాకు తెలుసమ్మా" అంటూ ఎదురింటివాళ్ళ తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకం పట్టుకొచ్చింది. పెళ్ళికి ముందు కాలేజీ ల్యాబులో గాజు సామాను కడిగిన మనిషే తప్ప పాఠం చెప్పిన మనిషా, పాపం? తెల్లవారుజామునే లేచి ఒక్కో పేజీ చదవడం, అర్థం కాకపోతే మళ్ళీ చదవడం, ఏడేళ్ళ చిట్టికి కూడా తెలిసే మాటల్లో తిరగరాయడం... ఆ తర్వాత వంట, బట్టలు, మందులు! పదకొండు నోటు పుస్తకాలు నిండాయి, కళ్ళ కింద నలుపూ చేరింది. "అలిసిపోయావా?" అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు! ఆయన బస్సు డ్రైవరు. ఇంటికొచ్చేసరికి ఆయనకే ఒళ్ళు హూనం.

వదినేమో హైస్కూల్లో సైన్సు టీచరు. "నేనే పరీక్ష పెడతాను. జవాబులు చెప్పారా, సరే. లేదా, సంతకం పెట్టెయ్" అంది. ఆయన తలూపాడు.

"చిట్టీ, జడత్వం అంటే ఏమిటే?"

"మొండితనం అత్తా!"

వదిన పకపకా నవ్వింది. "విన్నావురా! వస్తువులకి మొండితనమట! రేపు నలుగురిలో ఇదే చెబితే పరువు పోదూ?"

ఆమె సబ్బు చేతులతోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. సిగ్గుతో తల వాలిపోయింది. ఆ మాట తను రాసిందే, నాలుగో నోటు పుస్తకంలో. జడత్వం అనగానే చిట్టి తన జడ పట్టుకుని చూపించింది మరి! ఇంకేం చెయ్యను భగవంతుడా...

"నవ్వకత్తా, పూర్తిగా విను!" చిట్టికి కోపమొచ్చింది. "ఆగి ఉన్నది కదలనని మొండికేస్తుంది. కదిలేది ఆగనని మొండికేస్తుంది. నాన్న బ్రేకేస్తే బస్సు ఆగుతుంది గానీ, జనం ముందుకి తూలిపోతారు. అందుకే! బయటినుంచి ఎవరైనా ఆపితేనే ఆగేది."

వదిన కళ్ళజోడు సవరించుకుంది. "ఇంకో ఉదాహరణ చెప్పు" అంది మెల్లిగా.

"అమ్మ!" అంది చిట్టి. "అమ్మ కూడా ఆగదు. నిన్న బట్టలు మడతపెడుతూ పెడుతూ నిద్రపోయింది, చేతులు మాత్రం మడతపెడుతూనే ఉన్నాయి! అక్కా నేనూ ఆపితే ఆగలేదు. మేం చిన్నవాళ్ళం కదత్తా... మా బలం చాలదు!"

పెద్దది చెల్లెలి నోరు మూయబోయింది గానీ, అనాల్సిందంతా అది అనేసింది. ఆయన తలెత్తి భార్య ముఖంలోకి చూశాడు. ఎన్నాళ్ళయిందో అలా చూసి!

వదిన లేచి వచ్చి ఆ సబ్బు చేతులు పట్టుకుంది. "ఇరవై ఏళ్ళుగా ఇదే పాఠం చెబుతున్నానమ్మాయ్... బట్టీ కొట్టి అప్పజెప్పారే గానీ, ఒక్కరూ ఇలా చెప్పలేదు" అంది. దరఖాస్తు మడిచి సంచిలో పెట్టేసింది. "శని, ఆదివారాలు నేను వచ్చి చెబుతా. నీ పుస్తకాల్లోంచే! ఆ రెండు రోజులూ నువ్వు పడుకో."

"వద్దు వదినా, నాకేం... బాగానే ఉన్నాను" అంటూ ఆమె మళ్ళీ గిన్నెల వైపు తిరిగింది.

ఆయన వెనకే వెళ్ళి చేతిలో పీచు లాక్కున్నాడు. "రోజుకి రెండొందల సార్లు బ్రేకేస్తాను. ఇంట్లో ఒక్కసారైనా వెయ్యాలని తోచలేదే నాకు! వెళ్ళి కూర్చో."

ఆమె కూర్చుంది. రెండేళ్ళ ఏడుపంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. వంటింట్లో గిన్నెల చప్పుడు, ఇవతల వదిన నాలుగో నోటు పుస్తకం తిరగేస్తున్న చప్పుడు. ఆమె చేతులు మాత్రం ఒళ్ళో లేని గిన్నెను ఇంకా తోముతూనే ఉన్నాయి... కాసేపటికి అవీ ఆగాయి.