ఆకుపచ్చ తేదీ

లిఫ్టులో కుర్ర శాస్త్రవేత్త శవం దొరికి మూడు రోజులైంది. జేబులో అన్నీ ఉన్నాయి, అతని ఆకుపచ్చ మార్కర్ పెన్ను తప్ప.

"నాలుగు దేశాల పిల్లల్ని ఒకే ల్యాబులో పెడితే ఇంతే. మిగిలిన ముగ్గురిలోనే ఫార్ములా దొంగున్నాడు, వాడే హంతకుడు. పట్టుకో," అన్నాడు చీఫ్, ఫోన్ బ్రీఫింగులో.

ఏజెంటుకి ఒళ్ళు మండింది. పట్టు వదలడని డిపార్ట్‌మెంటులో అతన్ని జిగురు అంటారు. గాజుసామాను కడిగేవాడి వేషంలో నెలగా ఆ ల్యాబులోనే ఉన్నాడు. ఉప్పునీటిని చవగ్గా మంచినీరు చేసే పాలిమర్ పొరను ఆ నలుగురూ కనిపెట్టారు. ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి ఫార్ములాను లోకమంతటికీ ఉచితంగా ఇచ్చేయబోతున్నారు. వాళ్ళా దొంగలు? ఏసీ గదిలో కూర్చుని ఎన్నైనా అనొచ్చు.

ఒకరి లిపి ఒకరికి రాదు కాబట్టి ఆ పిల్లలు తలా ఒక రంగు పంచుకున్నారు. ఏ ట్యాంకు తెరిచినా తన రంగుతో తేదీ వేయాలి. తేదీ లేని ట్యాంకును వెంటనే పరీక్షిస్తారు; తేదీ ఉంటే తమలో ఒకరే తెరిచారని వదిలేస్తారు. కుర్రాడు పోయిన రోజున, అతని రంగు ఇక ఎవరూ ముట్టకూడదని ముగ్గురూ ఒట్టు పెట్టుకున్నారు.

పదకొండూ యాభైకి జిగురు సబ్బునీళ్ళ బకెట్టుతో మీటింగు గది పక్కనుంచి వెళ్తూ ఆగిపోయాడు. గోడవారనున్న మోనోమర్ ట్యాంకు మీద ఇవాళ్టి తేదీ ఉంది. ఆకుపచ్చగా.

చెయ్యి ఆనించాడు. కాలిపోతోంది. పాలిమర్‌కి ముడిసరుకైన మోనోమర్ తనంతట తాను గడ్డకట్టసాగితే, వేడెక్కి ట్యాంకే పేలుతుందని పిల్లలు అతనికి చెప్పారు. గోడ అవతలే ముగ్గురూ కూర్చుని ఉన్నారు.

"దాని జోలికి పోకు, జిగురూ."

కోఆర్డినేటర్ మేడమ్. ముత్యాల దుద్దులు, ఎత్తు మడమల చెప్పులు, చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్. ఆ ఉద్యోగం వేషంలో ల్యాబుకి చీఫ్ ఏరికోరి పంపిన సొంత ఏజెంటు.

"ఫార్ములా నన్ను కొన్నవాళ్ళకి చేరింది. దాన్ని ఊరికే పంచిపెట్టడానికి ఇక ఈ పిల్లలుండకూడదు. తప్పు వాళ్ళదేనని మీ చీఫే రాసుకుంటాడు."

"వాడి పెన్నుతోనా రాశావు?" అన్నాడు జిగురు. "చంపిన చేత్తోనే?"

బకెట్టు ఆమె కాళ్ళ ముందు బోర్లించాడు. మడమలు జారాయి, గుండు సీలింగులోకి పోయింది. పిస్టల్ లాక్కుని ఆమె చేతుల్ని పైపుకి కట్టేసరికి, చప్పుడు విని ముగ్గురిలో పెద్దమ్మాయి పరుగెత్తుకొచ్చింది. ఆకుపచ్చ తేదీ చూడగానే ఆమె ముఖం పాలిపోయింది. రియాక్షన్ ఆపే మందు సీసా తెచ్చి ట్యాంకు పంపుకి తగిలించింది.

"అన్నా, ఆ పిడి తిప్పు. గట్టిగా."

తిప్పాడు. ట్యాంకు వేడి చూపే మీటరులో ఎర్రగీత తాకిన ముల్లు అక్కడే కొట్టుకుని, నెమ్మదిగా వెనక్కి జారింది. గోడ గడియారం పన్నెండు కొట్టింది. లోపల ఎవరో కంప్యూటర్ మీట నొక్కారు. ఫార్ములా లోకానిదైపోయింది.

సాయంత్రం చీఫ్ రిపోర్టు చూసి ముఖం చిట్లించాడు. "ఈ ఆకుపచ్చ సిరా ఏమిటయ్యా? నీకు నల్ల పెన్ను దొరకలేదా?"

"దొరికింది సార్. కానీ పిల్లలు వాళ్ళ ఒట్టు పక్కనపెట్టి నాకీ రంగిచ్చారు. మీ సంతకానికి మాత్రం రంగులేవీ మిగల్లేదట."