ఎల్లేశం తాలీము

ఆ ఇంట్లో ఐదున్నరకు బొగ్గు పొయ్యి రాజుకుంటుంది, ఆరింటికి గొడవ రాజుకుంటుంది. గోదావరిఖనిలో బొగ్గుగని కంపెనీ క్వార్టర్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి కానీ, ఏ ఇంటి గొడవ ఆ ఇంటిదే. ఆ రోజు ఎల్లేశం ఇంట్లో అది చొక్కా దగ్గర మొదలైంది.

"నాయినా, అది నా అంగి," అన్నాడు ఓదెలు పళ్లు తోముకుంటూ.

ఎల్లేశం అప్పటికే చారల చొక్కాలో ఒక చెయ్యి దూర్చాడు. యాభై నాలుగేళ్ల మనిషి, ఇరవై ఒక్క ఏళ్ల కొడుకు చొక్కాలో సగం ఇరుక్కుని నిలబడ్డాడు. ఆయన ఖాకీ చొక్కా పక్క మేకుకే వేలాడుతోంది.

"కండ్లు కనవడ్తలేవురా, ఏం జెయ్యమంటవ్," అంటూ గోడ తడిమి ఖాకీ చొక్కా అందుకున్నాడు.

కూతురు అనసూర్య పకపకా నవ్వింది. "అవ్వా, నాయిన తాలీము షురూ అయింది."

సారవ్వ నవ్వలేదు. సద్దిగిన్నె మూత బిగించి, దాన్ని మొగుడి చేతిలో పెట్టి, ఆయన వేళ్లు పిడి పట్టుకున్నాయని చూసుకున్నాకే తన చెయ్యి తీసింది. ఆ సంగతి ఓదెలు చూశాడు కానీ పట్టించుకోలేదు. చూసిందంతా పట్టించుకునే వయసు కాదది.

తాలీము అంటే ఏమిటో బయటి ఊరివాళ్లకు చెప్పాలి. గనిని ఆ ప్రాంతంలో బాయి అంటారు. బాయి పనికి ఒళ్లు ఇక పనికిరాదని డాక్టర్ల బోర్డు తేలిస్తే, ఆ మనిషి అన్‌ఫిట్. తండ్రి అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. లోకమంతా ఆరోగ్యం ఇమ్మని దేవుడికి మొక్కుతుంటే, ఆ కాలనీల్లో కొందరు తండ్రులు రోగం ఇమ్మని మొక్కేవాళ్లు. బోర్డు దగ్గరపడేకొద్దీ ఒకాయన కుంటడం మొదలుపెట్టేవాడు, ఒకాయన దగ్గడం. బోర్డు కోసం ముందుగా చేసే ఆ సాధననే తాలీము అనేవాళ్లు. ఎల్లేశం కన్ను పట్టుకున్నాడు. "నేను గుడ్డి తాలీము జేస్తున్న," అని వాడకట్టులో నలుగురికీ తనే చెప్పుకుని నవ్వించాడు కూడా.

నవ్వనిది ఓదెలు ఒక్కడే. ఇంటర్ పాసై, మూడేళ్లుగా ఇస్హాక్ భాయి దుకాణంలో రేడియోలు, టీవీలు బాగుచేస్తున్నాడు. చెడిపోయిన పెట్టెలోంచి మళ్లీ మాట పలికించడంలో వాడికి దొరికే ఆనందం ఇంకెందులోనూ దొరకదు. బాయిలోకి దిగనని ఇంట్లో ఇప్పటికే మూడుసార్లు చెప్పాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ రెండు గదుల ఇంట్లో అలాంటి బలవంతులు ఇద్దరున్నారు, తండ్రీ కొడుకూ.

"ఇయ్యాల కొలువు ఫారం తెస్తున్న," అన్నాడు ఎల్లేశం గడప దాటుతూ. "దస్తకతు పెట్టుడు ఒక్కటే నీ పని."

"నేను పెట్ట."

"పెడ్తవ్."

సైరన్ మోగింది. ఎల్లేశం మొదటి షిఫ్టుకు వెళ్లిపోయాడు, కాలువ గట్టు పక్క దారిలో, పక్కింటి రాయమల్లు భుజం మీద చెయ్యి వేసుకుని. స్నేహమనుకున్నారు చూసినవాళ్లంతా.

*

దుకాణంలో ఇస్హాక్ భాయి టీ తెప్పించాడు. ఆయన టీ తెప్పించాడంటే ఏదో మాట ఉందన్నమాట.

"మందమర్రిల గింత జాగ దొరికింది బేటా. దుకాణం తెరుస్తున్న. నా మోకాళ్లు రెండు దుకాణాలు తిరగనియ్యవు. అక్కడ నువ్వు కూసుంటవా? పని నీది, పేరు నీది, వచ్చిందాంట్ల సగం నీది."

ఓదెలు చేతిలో గ్లాసు కాలుతున్నా కింద పెట్టలేదు. "ఎప్పటినుంచి భాయ్?"

"సోమవారం. మీ నాయినను అడిగి చెప్పు. అన్నట్టు, ఆయనకు నా మీద కోపం ఉన్నదా? మొన్న దుకాణం ముంగట్నుంచే పోయిండు. సలాం జేసిన. ఇంత దగ్గర. మొకం తిప్పకుండ పోయిండు."

"నన్ను మీరు చెడగొడుతున్నరని ఫికర్ ఆయనకు," అన్నాడు ఓదెలు. సిగ్గేసింది. ముప్పై ఏళ్లుగా ఎరిగిన మనిషి సలాం అందుకోనంత కోపమా అని తండ్రి మీద మండిపోయాడు. "అడిగేదేం లేదు భాయ్. నేను వస్తున్న."

*

నాలుగింటికి ఎల్లేశం ఇంటికొచ్చాడు. స్నానం చేసి, లుంగీ కట్టి, చాప మీద కూర్చుని ఫారం ముందు పరిచాడు. అప్పటికే ఓదెలు వచ్చి, చారల చొక్కా విప్పి తలుపు పక్క మేకుకు తగిలించి, బనీనుతో దాని పక్కనే నిలబడి ఉన్నాడు. కూర్చుంటే మెత్తబడతానేమోనని వాడి భయం.

"బుధవారం బోర్డు," అన్నాడు ఎల్లేశం. "గిక్కడ పెట్టు దస్తకతు."

"సోమవారం నేను మందమర్రికి పోతున్న నాయినా. దుకాణం ఒప్పుకున్న."

"ఒప్పుకున్నవా? ఎవ్వన్ని అడిగి?"

"నన్ను నేను అడుక్కున్న."

సారవ్వ బియ్యం చెరుగుతున్న చేట ఆపింది. ఎల్లేశం గొంతు ఇంకా పెరగలేదు.

"కంపెనీ కొలువంటే ఏందో ఎరుకేనారా నీకు? ఉండను క్వార్టరుంటది. జరమొస్తే దవాఖాన ఉంటది. పొయ్యిలకు బొగ్గుంటది. నీ దుకాణంల ఏముంటది? ఇంకొకని పెట్టె పాడైతేనే నీకు బువ్వ. పాడు కాకపోతే?"

"బాయిల నెత్తి మీద కప్పు కూలకపోతేనే నీకు బువ్వ. గంతకంటే నాది నయమే."

"కప్పు గురించి నాకు చెప్తున్నవా?" అన్నాడు ఎల్లేశం. చెప్పడానికి నిజంగానే ఎవరికీ హక్కు లేదు. ఆయన టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పును ఇనుప కడ్డీతో కొట్టి, చప్పుడు విని, పగులు చూసి, ఎక్కడ దుంగ నిలబెట్టాలో తేల్చే మనిషి. ఆయన గట్టిదన్నాకే మిగతావాళ్లు ఆ కప్పు కిందికి పోతారు. ముప్పై ఏళ్లలో ఆయన గట్టిదన్న కప్పు ఒక్కటీ కూలలేదు.

"నీ కొలువు నీదే నాయినా, నేను కాదంటలేను. నువ్వు దొంగ గుడ్డోనివై బోర్డు ముంగట నిలబడితే ఆ కొలువు నేను చెయ్యాల్నా? గల్లీల పిలగాండ్లు సుత నీ నడక చేసి చూపిస్తున్నరు. ఇస్హాక్ భాయి సలాం జేస్తే మొకం తిప్పకుండ పోయినవట. నాకు తలకాయ కొట్టేసినట్టయింది."

ఎల్లేశం మొహం నల్లబడింది. ఓదెలు అక్కడినుంచి కదిలాడు. చప్పుడు కాకుండా తండ్రి వెనకగా నడిచి, మూలన ఉన్న కుండలో నీళ్లు ముంచుకున్నాడు.

అప్పుడు పేలాడు ఎల్లేశం.

"మొగోనివైతే నా కండ్లల్ల కండ్లు పెట్టి చెప్పురా ఆ మాట," అని వేలు చూపించాడు, తలుపు వైపు. "ఏం, నోరు పడిపోయిందా? తల వంచుకోని నిలబడితే ఊకుంటనా? మాట్లాడు."

తలుపు పక్కన చారల చొక్కా వేలాడుతోంది. ఎల్లేశం దానితోనే మాట్లాడుతున్నాడు.

అనసూర్య నవ్వబోయింది. అన్న మొహం, తల్లి మొహం చూసి ఆ నవ్వు గొంతులోనే ఆగింది. కొడుకు తన ముందే ఉన్నాడనుకుంటున్న తండ్రి, తాలీము కోసం ఖాళీ చొక్కాను తిట్టడు. ఆ సంగతి అన్నాచెల్లెళ్లిద్దరికీ ఒకేసారి తెలిసింది. సారవ్వకు మాత్రం ముందునుంచీ తెలుసు. కొంగు నోట్లో కుక్కుకుంది.

"నాయినా," అన్నాడు ఓదెలు వెనకనుంచి.

ఎల్లేశం చెయ్యి మెల్లగా కిందికి దిగింది. మెడ తిప్పలేదు. ఇక తిప్పి ఏం లాభమని ఆయనకూ తెలిసిపోయింది.

"ఎన్ని దినాల సంది అవ్వా?" ఓదెలు తల్లి వైపు తిరిగాడు.

"నిరుటి బతుకమ్మ సంది," అంది సారవ్వ. ఏడాదిగా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. "మంచిర్యాలల కండ్ల డాక్టరుకు చూపిచ్చినం. రెండు కండ్లల్ల మోతిబిందు పొర, కోసి తీస్తే మంచిగ కనవడ్తదన్నడు. నీ నాయిన వద్దన్నడు. ఎవ్వలకన్న చెప్తే నా మీద ఒట్టే అన్నడు. కనవడ్తలేదని బోర్డుకు ముందే తెలిస్తే కంపెనోళ్లే పని ఆపిచ్చి కండ్లు కోపిస్తరని, తాలీము అని తనే ఊరంత చెప్పిండు."

ఉన్న చూపు లేదని నటించేవాళ్లను ఆ ఊరు చాలామందిని చూసింది. లేని చూపును దాచడానికి, లేనట్టు నటిస్తున్నానని నమ్మించిన మనిషి ఎల్లేశం ఒక్కడే.

"ఎందుకు వద్దన్నవ్?" అని ఓదెలు తండ్రినడిగాడు.

"కోస్తే కన్నొస్తది," అన్నాడు ఎల్లేశం చిన్నపిల్లాడికి లెక్క చెప్పినట్టు. "కన్నొస్తే నేను ఫిట్టయిత. నేను ఫిట్టయితే నీకు కొలువెట్ల వస్తదిరా? నా దగ్గర నీకియ్యను ఇంకేమున్నది?"

ఓదెలు చాప మీది ఫారం వైపు చూశాడు.  మనసు కరిగి ఆ ఫారం మీద సంతకం పెట్టేసేవాడే, ఇంకో సంగతి గుర్తు రాకపోయి ఉంటే.

"కనవడకుండ బాయిల కప్పు ఎట్ల చూస్తున్నవ్?"

"సప్పుడు ఇనవడ్తది గదరా."

"పగులుకు సప్పుడుండది. నీ ఎంబడి ఉండేది రాయమల్లు కాక. నువ్వు గట్టిదంటే చాలు, నెత్తి పైకెత్తి సుత చూడడు, నీ మీద అంత నమ్మకం. ఆయన ఇంట్ల నలుగురు పిల్లలు నాయినా. నాకు కొలువు రావాలని ఆయన తలకాయ పెడ్తున్నవా?"

  ముప్పై ఏళ్లు జనం ప్రాణాలు కాసిన మనిషికి ఆ లెక్క తట్టకుండా ఉంటుందా? ప్రతి షిఫ్టులోనూ తట్టింది. ప్రతి షిఫ్టులోనూ, బుధవారం దాకా ఆగుదామని పక్కకు నెట్టాడు.

ఓదెలు చాప మీది ఫారం తీసి నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో వేశాడు. కాగితం కాలిన వాసన ఎల్లేశం ముక్కుకు తగిలింది. ఒక్క ఉదుటున లేచి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎక్కడ దించాలో తెలియక గాలిలోనే ఆగిపోయింది.

ఓదెలు ముందుకొచ్చి ఆ చెయ్యి పట్టుకుని తన చెంపకు ఆనించుకున్నాడు.

"గిక్కడ్నే ఉన్న. కొట్టు. సచ్చేదాంక కొట్టు. కాని నీ కన్ను తిని నేను బతుక."

"నా కన్ను, నా ఇష్టం," అన్నాడు ఎల్లేశం.

"నా బతుకు, నా ఇష్టం అన్నందుకే గద ఇంత లొల్లి," అన్నాడు ఓదెలు. "రేపు నువ్వు బాయికి పోవు. దవాఖానకు పోతున్నం. కాదు కూడదంటే నేనే బాయి మీది లాంపు రూము కాడ నిలబడి అందరికి చెప్త. నువ్వు లేచి తిరిగేదాంక ఇల్లు నేను నడుపుత. కొలువు లేకున్నా నడుపుత, సూడు."

తెల్లారి ఎల్లేశం షిఫ్టుకు లేచేసరికి బూట్లు లేవు. అనసూర్య వాటి మీద చాప వేసుకుని కూర్చుంది. తాలీము అని నవ్విన పిల్ల, రాత్రంతా ఏడ్చిన కళ్లతో తండ్రి చెయ్యి పట్టుకుని గడప దాటించింది.

*

ఆపరేషన్ తేదీ వచ్చేదాకా ఎల్లేశం కొడుకుతో మాట్లాడలేదు. దవాఖానలో కట్టుతో పడుకున్నాక కూడా మాట్లాడలేదు. ఓదెలు ఊరుకోలేదు. పొద్దున బస్సుకు గోదావరి దాటి మందమర్రి పోయేవాడు, సాయంత్రం తిరిగొచ్చి మంచం పక్కన కూర్చుని ఆ రోజు ఏ టీవీకి ఏ జబ్బు చేసిందో చెప్పేవాడు. వినట్లేదన్నట్టు ఎల్లేశం గోడ వైపు తిరిగేవాడు. ఒకరోజు మాత్రం, మధ్యలో ఆపేస్తే, "మరి ఆఖరికి బొమ్మ పడ్డదా?" అని గోడనే అడిగాడు.

మొదటి కన్ను కట్టు విప్పే రోజు రాయమల్లు వచ్చాడు. అంతా తెలిసినా ఎల్లేశం మీద ఆయనకు కోపం రాలేదు. రాకపోగా మంచం దగ్గర వంగి గుసగుసలాడాడు.

"ఎల్లేశమన్నా, ఇంకా మించిపోలే. డాక్టరు అడిగితే ఏం కనవడ్తలేదను. కోసినంక సుత కొందరికి రాదట. నీ కండ్లల్లకెల్లి ఎవ్వడు చూస్తడు? వచ్చే బోర్డుకు ఇంకో ఫారం నేను తెస్త."

ఓదెలు తలుపు దగ్గర నిలబడి ఆ మాట విన్నాడు. అక్కడే ఆగిపోయాడు. డాక్టరుకు తండ్రి చెప్పబోయే ఈ ఒక్క మాట మాత్రం తను చెప్పించగలిగేది కాదని వాడికి తెలుసు.

డాక్టరు కట్టు విప్పి, కన్ను తుడిచి, చెయ్యి ముందు పెట్టాడు. "ఎన్ని వేళ్లు ఎల్లేశం?"

ఎల్లేశం మాట్లాడలేదు. సారవ్వ కొంగు పిడికిట్లో బిగించింది. ఒక్క మాట చాలు, ముప్పై ఏళ్ల కొలువు కొడుకు చేతిలో పడుతుంది. క్వార్టరు, బొగ్గు, దవాఖాన, అన్నీ. ఆ కన్నులో నీళ్లు తిరిగాయి.

"కనపడటం లేదా?" అన్నాడు డాక్టరు.

"మూడు," అన్నాడు ఎల్లేశం.

"ఇప్పుడు?"

"రెండు. ఒకటి ముడిశినవ్ సారు." ఎల్లేశం అక్కడితో ఆపలేదు. "తలుపు కాడ చారలంగి సుత కనవడ్తున్నది. ఈసారి దాంట్ల మనిషున్నడు."