ఏడో వరసలో విసనకర్రలు

మా ఊరి యూనివర్సిటీ లైబ్రరీలో, భూమి లోపలి అంతస్తులో, ఏడో వరస అంటే చాలు, ఎంతటి మొనగాడికైనా గొంతు తడారిపోయేది.

అక్కడ ఎవరో నడుస్తారని కాదు. ఏడుస్తారనీ కాదు. విసురుతారు!

పొద్దు కుంకాక టప్... టప్... టప్... అని చప్పుడు. ఆ వెంటనే మెడ మీద చల్లగా గాలి. కిటికీ లేదు, తలుపు లేదు, చుట్టూ మన్ను. మరి ఆ గాలి ఎక్కణ్ణుంచి వస్తున్నట్టు?

ఇది నాకు చెప్పింది కోర్డెల్. మా హెబ్రోను చర్చి సంఘం పాటల బృందంలో అందరికన్నా లావు గొంతు వాడిదే. పంతొమ్మిదేళ్లుగా అక్కడ పాత కాగితాల పెట్టెలు మోస్తున్నాడు. అంత మనిషీ చీకటిపడ్డాక ఏడో వరసలో ఒక్కనాడూ కాలు పెట్టలేదు.

డిసెంబరు, శుక్రవారం. అమెరికాలో మా జార్జియా వైపు ఆ రోజుల్లో అయిదున్నరకే చీకటి.

పైన చదువుకునే గదిలో మా సంఘపు పెద్దావిడ అర్జీలియా కుర్చీ వదలనని కూర్చుంది. డెబ్బై ఆరేళ్లు. నలభై ఏళ్లపాటు బడిపిల్లలకి వండిపెట్టిన చెయ్యి. ఆమెకి కావలసింది ఒక్కటే — తన ఆరో ఏట పోయిన తల్లిని ఎక్కడ పాతిపెట్టారో చెప్పే రాత.

లైబ్రరీని ఆనుకుని ఉన్న ఖాళీ స్థలం ఒకప్పుడు మా సంఘం వాళ్ల సమాధుల తోట. రాళ్లు పెట్టే స్తోమత లేక చెక్క సిలువలు పాతారు. అవి పుచ్చి మట్టిలో కలిసిపోయాయి. ఇప్పుడు యూనివర్సిటీ అక్కడ కొత్త భవనానికి పునాది తవ్వుతానంటోంది. "ఇక్కడ ఎవరినైనా పూడ్చినట్టు రాతకోతలు లేవు" అంటోంది. సోమవారం ఆఖరి విచారణ.

ఆ గది చూసుకునే ప్రూయిట్ అనే ఆవిడ చెడ్డమనిషేం కాదు. "తొమ్మిదిసార్లు వెతికించానమ్మా. సమాధులు అన్న పేరుతో లేదు, హెబ్రోను అన్న పేరుతోనూ లేదు."

"మీ జాబితాలో లేకపోతే మా అమ్మ చావలేదా తల్లీ?"

"గది మూసే వేళయిందండీ..."

"మూసుకోండి. నేను లోపలే ఉంటాను. గుమ్మంలోనే పెన్ను లాక్కుని పెన్సిల్ ముక్క చేతికిచ్చారుగా, మీ పాత కాగితాల మీద సిరా మరక పడనివ్వనులెండి."

ప్రూయిట్ నిట్టూర్చింది. "కోర్డెల్, పది నిమిషాలు. కిందికి తీసుకెళ్లి చూపించు."

మెట్లు దిగుతూ కోర్డెల్ గుసగుసలాడాడు. "అత్తా, ఏ వరస కావాలన్నా చూపిస్తా. ఏడోది మాత్రం అడక్కు."

"ఏముందిరా అక్కడ?"

"ఉంది..."

"చూసినవాళ్లున్నారా?"

"చూడ్డానికి ఎవరు వెళ్తారత్తా?"

అర్జీలియా ఆగింది. "అంటే అక్కడ ఎవరూ సరిగ్గా వెతకలేదన్నమాట! పద, అక్కడికే."

అక్కడి దీపాలు మనిషి కదిలితే వెలుగుతాయి, కదలకపోతే ఆరిపోతాయి. ఏడో వరస మొదట్లో కోర్డెల్ కాళ్లు కదలడం మానేశాయి. దీపం ఆరింది.

టప్... టప్... టప్...

మెడ మీద గాలి.

"అత్తా... వెనక్కి పోదాం..."

అర్జీలియా బైబిలు సంచిని గుండెకి అదుముకుంది. చీకట్లోకి చూస్తూ గట్టిగా అంది: "ఎవరే నువ్వు? మా వాళ్లవైతే ఇలా రా, మాట్లాడుకుందాం. కాకపోతే యేసు నామంలో పక్కకి జరుగు, నాకు పనుంది!"

అని... అడుగు ముందుకే వేసింది. దీపం వెలిగింది.

గోడ దగ్గర అట్టడుగు అరలో ఒక అట్టపెట్టె. మూత చిరిగి ఉంది. దాని పైనే గాలి యంత్రం జాలీ. సాయంత్రం యంత్రం వెయ్యగానే గాలి సూటిగా పెట్టెలోకి కొడుతోంది. లోపల, చెక్క పిడులున్న అట్ట విసనకర్రలు... ఒకదానికొకటి తగిలి టపటపలాడుతున్నాయి.

కోర్డెల్ నేల మీద కూలబడి పగలబడి నవ్వాడు. "పంతొమ్మిదేళ్లు! దేవుడా, పంతొమ్మిదేళ్లు అట్టముక్కలకి భయపడ్డానా!"

పెట్టె మీద చీటీ: 'వ్యాపార ప్రకటనలు. విసనకర్రలు.' నిజమే మరి. ముందువైపు గొర్రెల కాపరి బొమ్మ, దాని కింద శవపేటికల దుకాణం పేరు. కోర్డెల్ మూత సరిచెయ్యబోయాడు.

"ముట్టుకోకు!"

ఆమె గొంతు మారిపోయింది. మెల్లగా ఒక విసనకర్ర తీసి... వెనక్కి తిప్పింది.

మా పెద్దవాళ్ల ఆచారం అది. ఖననం రోజున, ఏడ్చేవాళ్లకి విసిరిన విసనకర్ర వెనకాలే పోయినవాళ్ల పేరూ, సమాధుల తోట వాకిలి రాయి నుంచి ఎన్ని అడుగులో రాసి, పేటికల దుకాణం ఆయన దగ్గర దాచేవారు. ఆ దుకాణం మూతపడ్డప్పుడు సామానంతా లైబ్రరీకి చేరింది. జాబితా రాసినవాళ్లు బొమ్మ చూశారు. తిప్పి చూడలేదు.

అరవై ఒక్క విసనకర్రలు. ముప్ఫై నాలుగోది చేతికి రాగానే అర్జీలియా అక్షరాల మీద వేలు పెట్టి, తల్లి పేరు పైకి చదివింది. 'ఐడెల్లా. తూర్పుకి నలభై అడుగులు, ఉత్తరానికి పన్నెండు.'

సోమవారం విచారణ గదికి మా సంఘమంతా కదిలింది. నేనూ వెళ్లాను. ఇక్కణ్ణుంచి నేను కళ్లారా చూసిందే చెబుతున్నా.

విచారణ జరిపే అధ్యక్షుడు విసనకర్రని అటూ ఇటూ తిప్పాడు. "పేర్లు రాసి ఉన్నాయి, సరే. వీళ్లు నిజంగా ఉన్నారని చెప్పేదెవరు?"

"నేను చదువుతాను, మీరు వినండి" అంది అర్జీలియా.

ఒక పేరు చదివింది. మూడో వరసలో ఒక మునిమనవడు లేచాడు. "ఉన్నాం!" ఇంకో పేరు. ఇద్దరు అక్కచెల్లెళ్లు లేచారు. "ఉన్నాం!" తల్లి ఐడెల్లా పేరు తానే చదివి, తానే జవాబిచ్చింది. తల వంచలేదు. అలా అరవై పేర్లు. కూర్చున్నవాళ్లకన్నా నిలబడ్డవాళ్లే ఎక్కువైపోయారు.

ఆఖరిది తీసింది. తటపటాయించింది.

"పేరు తెలియని స్త్రీ. ఏటి ఒడ్డున దొరికింది. మన మనిషిగా పాతిపెట్టాం."

ఎవరూ లేవలేదు. పేరే లేనిదానికి చుట్టాలెవరు?

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "అయితే దీని తరఫున ఎవరూ..."

"ఉన్నాను."

ఆడగొంతు. మెత్తగా. తడిగా.

అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు. అందరి చూపూ నామీదే పడింది. ఆఖరి వరసలో, గోడకి ఆనుకుని కూర్చున్నది నేనే మరి. ప్రభువు సాక్షిగా చెబుతున్నా, నేను పెదవి విప్పలేదు. ఆ మాట నా వెనకనుంచి... గోడకీ నా కుర్చీకీ మధ్య నుంచి వచ్చింది. అక్కడ చెయ్యి దూరే సందు కూడా లేదు.

అధ్యక్షుడు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ నేలని ఎవరూ ముట్టుకోరు" అన్నాడు. తర్వాత, పక్కన మాటామాటా రాసుకుంటున్న గుమాస్తా వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు:

"అది కూడా... రాశావా?"

ఆ పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా కాగితం మీంచి చెయ్యి తియ్యలేదు.

"రాశానండీ. అరవై ఒక్కరూ... హాజరు."