పడుకుని చూసిన చోటు

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఎప్పుడూ తడిసిన టెంట్ల వాసనే. పైన తాళ్ల మీద టెంట్లు ఆరుతుంటాయి. కింద గ్యాస్ స్టవ్‌లు, మసిపట్టిన గిన్నెలు, మేకుల సంచులు. కొండల్లో నడవడానికి సరదాపడి వచ్చే జనాన్ని తీసుకెళ్లి, వేళకి తిండి పెట్టి, పడుకోబెట్టి, క్షేమంగా వెనక్కి తీసుకురావడం మా బతుకుతెరువు. వంటా, వ్యానూ మా ఆయన చూసుకుంటారు. అందరికంటే ముందు వెళ్లి మకాం ఎక్కడ వెయ్యాలో తేల్చడం నా పనీ, మా ఆడపడుచు పనీ.

చోటు చూడటమంటే అందరికీ అలుసే. "అంత అడవిలో నాలుగు టెంట్లకి జాగా దొరకదా?" అంటారు. దొరుకుతుంది నాయనా, కావలసినంత దొరుకుతుంది. తెల్లారి లేచి నడుం పట్టేసిందనీ, చీమలు పాకాయనీ నా ప్రాణం తోడేసేది మళ్లీ మీరేగా! పైన ఎండుకొమ్మ వేలాడుతోందేమో చూడాలి. గాలి ఎటు నుంచి కొడుతుందో చూడాలి. అన్నిటికంటే ముందు, వాగు పొంగితే నీళ్లు ఎందాకా వస్తాయో చూడాలి. పాత వరద మోసుకొచ్చిన గడ్డీ పుల్లలూ రాళ్ల సందుల్లో ఇరుక్కుని ఉంటాయి. అవి ఎంత ఎత్తున ఉంటే నీళ్లు అంత ఎత్తుకి వచ్చాయన్నమాట.

ఇవన్నీ అయ్యాక మా మామగారు నేర్పిన పద్ధతి ఒకటుంది. ఇద్దరిలో ఒకరు వట్టి నేల మీద వెల్లకిలా పడుకోవాలి. రెండోవాళ్లు పక్కన నిలబడి "ఎలా ఉంది?" అని అడగాలి. రాయి గుచ్చుకుంటే రాయి అని చెప్పాలి, వాలుంటే వాలు అని చెప్పాలి. ఏ బాధా లేకపోతే "బాగుంది" అనాలి. ఆ మాట నోట్లోంచి వచ్చిందంటే చోటు ఖాయం, ఇక మార్చకూడదు. నిలబడ్డవాళ్లు చెయ్యిచ్చి లేపుతారు. మామగారు పోయినా మేం ఆ పద్ధతి మానలేదు.

ఆడపడుచు అంటున్నానుగానీ అది నాకు కూతురే. నేను కాపరానికి వచ్చేనాటికి తల్లి లేని పిల్ల, పాలపళ్లు కూడా పూర్తిగా ఊడలేదు. జడలు వేసింది నేను, జ్వరమొస్తే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది నేను. పెద్దయ్యాక నోటి దురుసులో మాత్రం నన్ను మించిపోయింది. మేమిద్దరం ఒకచోట చేరితే షెడ్డు రేకులు ఎగిరిపోతాయని మా ఆయన వేళాకోళం.

ఈమధ్య ఒక ట్రిప్పు ఒప్పుకున్నాం. అందులో మొదటి మకాం కొండమీద అడవిలో. రెండోది కింద, చెట్టూ చేమా లేని ఎర్రరాళ్ల లోయలో. కొండమీద చోటు పొద్దున్నే తేల్చేశాం. అక్కడ పడుకుంది నేను.

"ఎలా ఉంది వదినా?"

"రాయి గుచ్చుతోంది."

"ఎక్కడ?"

"నడుం కింద."

"అది రాయి కాదు, నీ వయసు."

"నోరు ముయ్యవే! ముందు చెయ్యివ్వు."

కొంచెం జరిగి పడుకుంటే బాగుంది. గుర్తుగా కొమ్మకి ఎర్రగుడ్డ కట్టేసి కిందకి దిగాం. సాయంత్రానికి మా ఆయన గెస్టులతో అక్కడికి చేరతారు. మేం లోయలో మర్నాటి చోటు చూసి, రాత్రికి అక్కడే ఉండాలి.

దిగేకొద్దీ చెట్లు పలచబడ్డాయి. తర్వాత అసలే లేవు. రెండువైపులా ఎర్రటి రాతిగోడలు, మధ్యలో ఎండిపోయిన వాగు. పగలంతా కాలిన రాళ్లు సెగ కక్కుతున్నాయి. పిల్లకి కొత్త బూట్లు కరిచి మడమలు బొబ్బలెక్కాయి. "వద్దంటే విన్నావా, రంగు బాగుందని కొన్నావు" అని దారిపొడుగునా సాధిస్తూనే ఉన్నాను. అది కుంటుతూ నన్ను వెక్కిరిస్తూ వస్తోంది.

ఎక్కడ చూసినా గులకరాళ్లే. పొద్దు వాలుతోంది. నాకు విసుగొచ్చింది. అప్పుడు ఒక మలుపు తిరిగేసరికి కనబడింది. వాగు పక్కన, నడుమెత్తు అరుగులా ఉన్న గట్టు. దాని మీద మెత్తటి ఇసుక. ఒక్క రాయి లేదు. పుల్ల లేదు, చీమ లేదు, ఏ జంతువు అడుగూ లేదు. ఎవరో మాకోసం ఊడ్చి ఉంచినట్టుంది.

"అమ్మయ్య!" అంటూ పిల్ల సంచీ విసిరేసి, గట్టెక్కి, ఇసుకలో వాలిపోయింది.

"ఆగవే, ఇంకా ఏమీ చూడలేదు..."

"నువ్వు చూస్తూ ఉండు వదినా, నేను పడుకుంటా. అడుగు మరి."

ముందు కళ్లతో చూడాలి, తర్వాతే ఒళ్లు ఆనించాలి. ఎన్నేళ్లనుంచో చేస్తున్న పని. అయినా దాని కాళ్లు చూసి జాలేసింది. నవ్వుతూనే అడిగాను.

"సరే, ఎలా ఉంది?"

అది కళ్లు మూసుకుంది. ముఖంలో అలసటంతా కరిగిపోయింది.

"బాగుంది," అంది.

చెయ్యిచ్చాను. పట్టుకోలేదు.

"లేవవే. టెంటు నీ తాత వేస్తాడా?"

"ఒక్క నిమిషం వదినా."

నేనే దాని చెయ్యి పట్టుకుని లాగాను. రాలేదు. వేళాకోళం ఆడుతోందనుకుని గట్టిగా లాగాను. చెయ్యి లేచింది. భుజం లేవలేదు. ఒళ్లంతా నేలకి అతుక్కుపోయినట్టుంది. బస్తాలు ఎత్తే చేతులు నావి. పిడికెడు పిల్లని కదపలేకపోయాను.

"ఆటలొద్దు. లే."

అది కళ్లు తెరవకుండా, బాగా నిద్రలో ఉన్నవాళ్లలా గొణిగింది. "వదినా... వాళ్లని కాస్త జరగమను. ఇరుగ్గా ఉంది."

"ఎవర్నే?"



వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. లోయ నిశ్శబ్దంగా ఉంది. గాలి కూడా లేదు. కానీ గట్టు మీద ఇసుక... ఇందాక సాపుగా ఉన్న ఇసుక... మెల్లగా దిగుతోంది. పిల్లకి అవతలివైపు ఒక గుంట. తల ఆనినచోట గుండ్రంగా, నడుందగ్గర వెడల్పుగా, మడమలదగ్గర రెండు సొట్టలు. దాని పక్కన ఇంకోటి. ఆ పక్కన ఇంకోటి. పెద్దవీ, చిన్నవీ. అన్నీ ఒకేవైపు తలపెట్టి, గట్టు చివరిదాకా వరసగా.

పిల్ల చంకల కింద చేతులు పెట్టి లాగాను. కాళ్లు పట్టి ఈడ్చాను. సంచీలోంచి గిన్నెమూత తీసి దాని పక్కన ఇసుక తవ్వాను. తవ్వినంతా మళ్లీ నిండిపోయింది. దాని వేళ్ల మధ్య ఇసుక గట్టిగా బిగుసుకుని ఉంది, ఎవరో వేళ్లు పెనవేసి పట్టుకున్నట్టు. ఒక్కో వేలూ విప్పాను. విప్పిన వేలు మళ్లీ ముడుచుకుంది.

ఆ మాట వల్లే అని అప్పుడు తట్టింది. చోటు ఖాయం చేసేసింది కదా నా తల్లి.

దాని చెవిలో నోరు పెట్టాను. "బాలేదని చెప్పవే. రాయి ఉందని చెప్పు. నా బంగారుతల్లివి కదూ, ఒక్కసారి చెప్పు."

"బాగుందిగా వదినా," అని నవ్వింది.

అప్పుడు వచ్చింది వాసన.

తడి ఆకుల వాసన. కుళ్లిన కొమ్మల వాసన. అడవి వాసన. గడ్డిపోచ మొలవని ఆ రాళ్ల మధ్యకి, చల్లటి గాలితో పాటు వచ్చింది. లోయలో పనిచేసేవాళ్లకి దాని అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. పైన కొండమీద వాన కురిసింది. నీళ్లు బయల్దేరాయి.

తలెత్తి రాతిగోడ చూశాను. గడ్డీ పుల్లలూ ఇరుక్కుని ఉన్నాయి... నా తలకంటే చాలా ఎత్తున.

కేకలు వేశాను. మా ఆయన్ని పిలిచాను, దేవుణ్ణి పిలిచాను, చచ్చిపోయిన మామగారిని కూడా పిలిచాను. నా గొంతే గోడలకి తగిలి నాకు తిరిగొచ్చింది. వాకీటాకీలో గరగర తప్ప ఏమీ లేదు. టెంటుతాడు తీసి పిల్ల చంకల కింద కట్టాను. రెండో కొస నా నడుముకి కట్టుకుని, గట్టుకి పైనున్న బండ మీదకి ఎక్కి, బలంకొద్దీ లాగాను. తాడు నడుములోకి దిగబడింది. పిల్ల జానెడు కూడా జరగలేదు.

మళ్లీ కిందకి దూకాను. చీకటి పడిపోతోంది. ఇప్పుడు దానికి ఇవతలివైపు కూడా ఒక గుంట ఉంది. నా పొడుగంత. నా వెడల్పంత.

"నీకూ చోటుంచారు," అంది పిల్ల.

దాని పక్కన మోకాలు ఆనించాను. ఇసుక గోరువెచ్చగా ఉంది. మోకాలి నొప్పి పోయింది. నడుం నొప్పి పోయింది. ఇంత ఏడుపెందుకు, పక్కన పడుకుని దాన్ని పట్టుకుంటే సరిపోదా అనిపించింది. నిజంగానే అనిపించింది. ఒక చెయ్యి కూడా ఆనించాను...

లోయ పైనుంచి రాళ్లు దొర్లుతున్న చప్పుడు.

తర్వాత జరిగింది నేను ఆలోచించి చేసింది కాదు. బురదా, కొమ్మలూ, రాళ్లూ కలిసి గోడలా వచ్చాయి. మొదటి దెబ్బకే నన్ను ఎత్తి బండకేసి కొట్టాయి. చేతికి దొరికింది పట్టుకుని పైకి పాకాను. వెనక్కి చూస్తే గట్టు లేదు. నల్లటి నీళ్లే ఉన్నాయి. తాడు మాత్రం నా నడుంనుంచి ఆ నీళ్లలోకి బిర్రుగా సాగి ఉంది.

రాత్రంతా ఆ తాడు పట్టుకుని కూర్చున్నాను. లాగితే రాదు, వదిలితే పోదు. నేను పెంచిన పిల్ల నీళ్ల కింద ఉంది, నేను పైన కూర్చుని ఊపిరి పీలుస్తున్నాను. అంతకంటే నరకం ఉంటుందా? ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది. నీళ్ల హోరు కాస్త తగ్గినప్పుడల్లా కిందనుంచి దాని గొంతు వినబడేది. భయం లేకుండా, బాధ లేకుండా.

"బాగుంది వదినా... బాగుంది..."

చెవులు మూసుకోవాలంటే తాడు వదలాలి. వదల్లేదు.

తెల్లవారుజాముకి నీళ్లు తగ్గాయి. వాగుకి వరదొచ్చిందని తెలిసి మా ఆయన చీకట్లోనే దిగొచ్చారు. ఆయన టార్చి వెలుగులోనే ముందుగా చూశాను. గట్టు మళ్లీ బయటపడింది. ఇసుక మళ్లీ సాపుగా ఉంది. గుంటలు లేవు. మధ్యలో మా పిల్ల, తాడు చంకల కింద ఎలా కట్టానో అలాగే, వెల్లకిలా పడుకుని ఉంది. లోయంతా బురదగా ఉంది. దాని బట్టలు తడవలేదు. జుట్టు తడవలేదు.

మా ఆయన చెయ్యిచ్చారు. పట్టుకుని లేచి కూర్చుంది!

ఎంత ఏడ్చానో, ఎంత తిట్టానో, ఎన్ని ముద్దులు పెట్టానో నాకే గుర్తులేదు. మడమలు పుండ్లు పడ్డాయని ఆయన దాన్ని వీపు మీద ఎక్కించుకున్నారు. నాలుగడుగులు వేసి ఆగారు.

"ఏంటే, పిల్ల ఇంత తేలికైపోయింది? తిండి పెట్టడం మానేశావా?"

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వెనక్కి తిరిగి గట్టువైపు చూశాను. అక్కడ ఏమీ లేదు.

ఇంటికొచ్చాం. డాక్టరు చూసి ఏ లోపమూ లేదన్నాడు. పిల్ల తింటోంది, తిరుగుతోంది, షెడ్డులో పని చేస్తోంది. అడిగినదానికి జవాబు చెబుతోంది. ఒక్కటే, నాతో పోట్లాడటం లేదు. కూరలో ఉప్పు మర్చిపోయినా ఒక్క మాటనదు. నేను కావాలని కయ్యానికి కాలు దువ్వితే, కొత్తగా చుట్టపుచూపుకి వచ్చినదానిలా మర్యాదగా నవ్వి ఊరుకుంటుంది.

ఒకసారి ఆ గట్టు దగ్గరికి వెళ్లి తవ్వి చూద్దాం అన్నాను మా ఆయనతో.

"దేనికోసం తవ్వుతావే?" అన్నారు ఆయన భయంగా. "పిల్ల కళ్లెదురుగా ఉంది కదా. నువ్వు కాస్త నిద్రపో."

ఏం చెప్పను? నోరు తెరిస్తే నాకే పిచ్చంటారు. తెరవకపోతే గుండె ఆగేలా ఉంది. ఆయన లేనప్పుడు ఒంటరిగా లోయదాకా వెళ్లాను కూడా. ఎన్ని మలుపులు తిరిగినా ఆ గట్టు దొరకలేదు.

నిన్న మధ్యాహ్నం వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. కొండవైపు మబ్బు కమ్మింది. పిల్ల కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు అటే చూసింది. తర్వాత నావైపు తిరిగింది. దాని కళ్లలో నిజంగానే జాలి ఉంది.

"వదినా," అంది మెల్లగా, "ఆ పిల్లని ఇంకా ఎన్నాళ్లు అక్కడ తడవనిస్తావు?"