వదిన పేరు మీద తెలుగు క్లాసు

రాజ్యశ్రీని మొదటిసారి చూసిన రోజే ఆమెను చూసి నవ్వాను. ఎవడైనా ఆ తప్పు చేస్తాడా? నేను చేశాను.

ఛత్తీస్‌గఢ్ ఇనుప గనుల ఊరు మా కిరండూల్‌లో వానాకాలం వచ్చిందంటే నాకు అన్నం తినే తీరిక కూడా ఉండదు. ఇంటింటికీ ఇంటర్నెట్ కేబుల్ వేసే పని నాది. కొండ మీద ఉరుము ఉరిమితే చాలు, టౌన్‌షిప్‌లో సగం ఇళ్ళ నుంచి ఫోన్లు. ఆ రోజు గనిలో ఫోర్‌మన్ రాజేశ్వరరావుగారి క్వార్టర్‌కు వెళ్ళాను. తలుపు తీసిన అమ్మాయి నా మొహం చూడలేదు. ఎర్రబురద పట్టిన నా బూట్లు చూసింది.

"అక్కడే విప్పండి. ఆరింటికి నా క్లాసు. ఈలోగా నెట్ రావాలి."

"ఏం చదువుతున్నారండీ?"

"చదవడం కాదు, చెబుతాను. ఆన్‌లైన్‌లో తెలుగు."

ఫైబర్ అతికించి తల ఎత్తేసరికి ఆమె నేల మీద కూర్చుని పుస్తకాలకు అట్టలు వేస్తోంది. పాత క్యాలెండర్ కాగితాల అట్టలు. ఒక్కోదాన్నీ వాన తగలకుండా ప్లాస్టిక్ కవర్లో పెడుతోంది. అన్నీ ఒకటే వాచకం.

"ఆన్‌లైన్ క్లాసుకు పుస్తకాలెందుకండీ? రైలెక్కి లోపల నడిచినట్టుంది!" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. ఒక పుస్తకం తెరిచి నా చేతిలో పెట్టింది. "ఈ రెండు లైన్లు చదవండి. తర్వాత ఇద్దరం కలిసి నవ్వుకుందాం."

నా గొంతులో వెలక్కాయ పడింది. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఇంట్లో తెలుగు, బళ్ళో హిందీ, బజార్లో ఇక్కడి వాళ్ళ హల్బీ. తెలుగు గడగడా మాట్లాడతాను. చదవమంటే మాత్రం ఒక్క అక్షరం రాదు.

"కళ్ళజోడు మర్చిపోయానండి."

"ఇప్పుడే వెంట్రుకంత తీగను కళ్ళజోడు లేకుండా అతికించారు కదా?"

నెట్ వచ్చిందో లేదో కూడా చూసుకోకుండా బయటపడ్డాను. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. దానికితోడు ఆ అమ్మాయి కోపంగా చూసినా బాగుంది. అదింకో బాధ.

మా వదిన సుధారాణికి చెబితే పడీ పడీ నవ్వింది. "అంత సిగ్గయితే నా పేరు మీద ఆ క్లాసులో చేరిపో భానూ."

"నువ్వే నేర్పొచ్చుగా వదినా?"

"నేను నేర్పితే నేర్చుకునే మొహమేనా అది? ఇంతకీ నీకు కావలసింది అక్షరాలా, ఆ అమ్మాయా?"

"రెండూ."

అలా, రెండు వీధుల అవతల ఉన్న పుస్తకం మా ఇంటికి పోస్టులో వచ్చింది.

రాజ్యశ్రీ క్లాసులో ఎవరి మొహాలూ కనిపించవు. రెండు స్టీలు గ్లాసుల మీద ఫోను కెమెరా కిందికి ఉండేలా పెట్టి, కింద పుస్తకం తెరుచుకోవాలి. తెర నిండా పుస్తకాలు, చూపుడువేళ్ళు. ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్ళు ఆ మాట కిందే వేలు జరపాలి. వేలు ఎక్కడ తడబడిందో చూసి, ఎవరికి ఏ అక్షరం రాలేదో ఆమె చెప్పేస్తుంది.

నాకు అక్కడే చెమటలు పట్టాయి. సుధారాణిగారి చేతి నిండా వెంట్రుకలాయె! వదిన సబ్బు రాసి తన గాజులు నాలుగు నా చేతికి ఎక్కించింది. ఎక్కించి, ఫోటో కూడా తీసుకుంది రాక్షసి.

"సుధారాణిగారూ, మీ మైకు?" అని అడిగింది రాజ్యశ్రీ.

పాడైందని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేశాను.

"ఫర్వాలేదు. బాగయ్యేదాకా వేలితోనే చదవండి. మీ వంతు నేను చదువుతాను."

నా వంతు ఆమె చదివేది. ఆ గొంతు కింద నా వేలు నడిచేది. రెండు నెలలు అలా గడిచాయి. రోజంతా స్తంభాలెక్కి దిగి, సాయంత్రం ఆరయ్యేసరికి చేతులు కడుక్కుని, గాజులేసుకుని కూర్చునేవాణ్ణి. ఆమె "మళ్ళీ ఒకసారి" అంటే చాలు, వందసార్లయినా చదవాలనిపించేది. పుస్తకం అట్ట చినిగిపోయింది. నేను మాత్రం పీకల్దాకా మునిగిపోయాను.

క్లాసులో కమ్లీ అని, తర్రెం అనే అడవి పల్లె అమ్మాయి ఉండేది. ఇంట్లో వాళ్ళ దోర్లీ భాష మాట్లాడుతుంది, ఏటా మిరపకాయలు ఏరడానికి భద్రాచలం వైపు పోతుంది. వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ ఒక్క గీత, అదీ దిబ్బ ఎక్కితేనే. బొమ్మ రాదు, మాట ఒక్కటే. ఆమె పుస్తకాన్ని రాజ్యశ్రీ గీదం దాకా ఒక బస్సులో, అక్కణ్ణుంచి ఇంకో బస్సులో, ఆపైన సంతకొచ్చిన వాళ్ళ చేతికిచ్చి పంపించింది.

"బస్సు బోర్డు మీద ఏందో రాసుంటది మేడం. ఎవర్నీ అడగకుండ చదివి ఎక్కాలె" అనేది కమ్లీ.

ఒకరోజు క్లాసు చివర రాజ్యశ్రీ గొంతు మారింది. "ఒకటో తారీఖు నుంచి పుస్తకాలు బంద్ చేస్తామంటున్నారు మన క్లాసులు నడిపే హైదరాబాదు ఆఫీసువాళ్ళు. అంతా స్క్రీన్ మీదేనట. శుక్రవారం అక్కణ్ణుంచి కృష్ణకుమారి మేడం మన క్లాసు విని తేలుస్తారు."

"నాకు స్క్రీన్ రాదు గదా మేడం" అంది కమ్లీ. "మరి నేనేంది చెయ్యాలె?"

రాజ్యశ్రీ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ఆమె ఏడుస్తోందని నాకు అర్థమైంది. పుస్తకాలెందుకని పళ్ళికిలించిన నా మొహం నాకే గుర్తొచ్చి, లాగి ఒక్కటి ఇచ్చుకోవాలనిపించింది.

శుక్రవారం మధ్యాహ్నం నుంచీ వానలో తడుస్తూ వాళ్ళ వీధి లైనంతా చూసి వచ్చాను. ఏం లాభం? ఆరూ పదికి కొండ మీద పిడుగు పడ్డట్టయింది. కేబుల్ పోయి ఫోన్ సిగ్నల్ ఒక్కటే మిగిలింది, తెర మీద బొమ్మలన్నీ పోయాయి. మాటలు మాత్రం మిగిలాయి.

"ముప్ఫై రెండో పేజీ" అంది రాజ్యశ్రీ, ఏమీ జరగనట్టే. "వరసగా చదవండి."

ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకున్నారు. కమ్లీ అయితే ఆగకుండా చదివేసింది. తర్వాత వంతు సుధారాణిది. రాజ్యశ్రీ అలవాటుగా తనే చదవబోయింది.

"మీరు చదవకండమ్మా, ఆవిణ్ణే చదవనివ్వండి" అన్నారు కృష్ణకుమారి మేడం.

"ఆవిడ మైకు బాగాలేదండీ..."

"చూశారా? ఇదే నేను చెప్పేది. పుస్తకం పంపిస్తే సరా? అవతల చదువుతున్నారో, నిద్రపోతున్నారో మనకెలా తెలుస్తుంది?"

నోరు విప్పితే రెండు నెలల మోసం బయటపడుతుంది, రాజ్యశ్రీ ఇక నా మొహం చూడదు. విప్పకపోతే పుస్తకాలు పోతాయి, కమ్లీ పోతుంది, ఆమె కష్టమంతా గంగలో కలుస్తుంది. ఆమె ఏడుపు ఇంకోసారి వినడం నా వల్ల కాదు. గాజుల చేత్తోనే మైకు నొక్కాను.

"వాన... వెలిసింది. చేనుకు పోయిన అమ్మ... ఇంకా రాలేదు. చెల్లి గు... గుమ్మంలో కూర్చుని... ఎదురు చూస్తోంది."

"సుధారాణి అంటే మగవాళ్ళా?" అన్నారు మేడం.

"మా వదినండీ. నా పేరు భానుప్రసాద్. తప్పయింది, క్షమించండి. కిరండూల్‌లో నెట్ వేసేవాణ్ణి నేనే. ఈ కొండల్లో ఆ నెట్ ఎంతసేపుంటుందో నాకంటే ఎవరికి తెలుసు? రెండు నెలల కింద నాకు అ, ఆ కూడా రావండీ. నెట్ పోయిన రాత్రులు కూడా ఈ పుస్తకం చేతిలో ఉంది కాబట్టే నేర్చుకున్నాను. మమ్మల్ని నిద్రపోనిచ్చే టీచరు కాదండీ ఆవిడ."

"నా పుస్తకం తీసుకోకుండ్రి మేడం" అంది కమ్లీ, దిబ్బ మీద నుంచి.

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"సరే, పుస్తకాలు ఉంచండి రాజ్యశ్రీ" అన్నారు కృష్ణకుమారి మేడం. "ఆ సుధారాణి పేరు మాత్రం తీసేయండి." ఆవిడ నవ్వాపుకుంటున్నారని తెలుస్తూనే ఉంది.

రాజ్యశ్రీ మాత్రం "క్లాసు అయిపోయింది" అని ఠక్కున పెట్టేసింది.

రాత్రంతా కంటి మీద కునుకు లేదు. పొద్దున్నే పుస్తకం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. బూట్లు నేనే ముందు విప్పేశాను.

"పుస్తకం తిరిగిచ్చేద్దామని... మోసం చేశాను. తిట్టండి."

"తిట్టాలనుకుంటే రెండో రోజే తిట్టేదాన్ని" అంది. "గాజులేసుకుంటే గోళ్ళలో ఎర్రమట్టి కనపడదనుకున్నారా?"

"తెలిసి కూడా ఊరుకున్నారా!"

"పట్టుకుంటే సిగ్గుపడి మానేస్తారు. కళ్ళజోడు లేదన్న రోజే మీ మొహం చూశాను. పాపం అనిపించింది. తర్వాత్తర్వాత..." ఆగి, పక్కకు చూసింది. "ఆ వేలు ఒక్కరోజు రాకపోయినా క్లాసు బోసిగా ఉండేది."

ఇంకేం దాస్తాను? "మీరంటే నాకు ప్రాణమండీ. ఒక్క అక్షరాల కోసమే అయితే గాజులేసుకునేవాణ్ణే కాదు."

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. చేతిలో పుస్తకం లాక్కుని, ఆఖరి పేజీలో పెన్సిల్‌తో గబగబా ఏదో రాసి నా ముందు పెట్టింది. "చదవండి. పైకి."

"ఇక్కడా?"

"టీచర్ని నేనా, మీరా?"

అక్షరాల కింద వేలు పెట్టాను. "రేపు... ఆదివారం. మీ అన్నయ్యను... వదినను... మా ఇంటికి... తీసుకురండి. నాన్నతో... మా... మాట్లాడాలి."

అక్షరాలు తప్పు పోకుండా చూసుకోవడంలోనే నా ప్రాణమంతా ఉంది, అర్థం బుర్రకెక్కలేదు. రెండోసారి చదువుతుంటే ఎక్కింది. చదవడం మధ్యలో ఆపేశాను. ఆమె తల దించుకుని నవ్వుతోంది.

లోపలి గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. నైట్ షిఫ్ట్ దిగి వచ్చి పడుకున్నారనుకున్న రాజేశ్వరరావుగారు కర్టెన్ తీసి, గుమ్మంలో నిలబడ్డారు. నన్ను చూశారు, కూతుర్ని చూశారు, పుస్తకాన్ని చూశారు.

"చివర్న ఏదో నాన్నతో అన్నావు, సరిగ్గా వినపడలేదు" అన్నారు. "ఇంకోసారి చదువు బాబూ."

గొంతు సవరించుకుని, ఆయన మొహంలోకి చూస్తూ మూడోసారి చదివాను. ఈసారి ఒక్క అక్షరం కూడా తడబడలేదు.