గున్వోర్ తెరవని కిటికీ

స్వీడన్ ఉత్తరాన చలికాలంలో మధ్యాహ్నం తిన్నది అరక్కముందే చీకటి పడిపోతుంది. ఆ చీకట్లో, వృద్ధాశ్రమం గదిలో, గున్వోర్ అనే ఆవిడ, సిక్స్టెన్ అనే ముసలాయన చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఊళ్ళో మనుషులకి మిగిలిన పని అదొక్కటే. మందూమాకూ, మంచు ఎత్తిపొయ్యడం, పిల్లలకి చదువు చెప్పడం, అన్నీ యంత్రమే చూసుకునేది. అందరూ దాన్ని దొర అనేవాళ్ళు. దొర ఏనాడూ పొరపాటు పడలేదు, అదో మాయదారి గుణం! పోయేవాళ్ళ చెయ్యి పట్టుకోవడం, ఊపిరి ఆగాక ప్రాణం వెళ్ళడానికి కిటికీ తెరవడం మాత్రం గున్వోర్‌కి వదిలారు. ఈ ముసలాయనతో అదీ ఆఖరు, ఇకనుంచి దొరే చూసుకుంటుందని పొద్దున చెప్పేశారు. ఆవిడకి ఏడుపు కూడా రాలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది.

గదిలో మాడిన కాఫీ వాసన. గోడ వారన వేడినీళ్ళ గొట్టం గురగురమంటోంది.

"ఇంకా ఉన్నానా?" గొణిగాడు సిక్స్టెన్.

"ఉన్నావులే తాతా. నువ్వు పోతే నా ఉద్యోగం ఊడుతుంది. నిదానంగా కానీ."

"నీ ఉద్యోగం కోసం నేను ఊపిరి పీల్చాలా? బాగుంది వరస!" నవ్వబోయి దగ్గాడు.

టక్...

కిటికీ దానంతటదే తెరుచుకుంది. చలిగాలి లోపలికొచ్చింది.

ఆవిడ లేచి మూసేసింది. "తొందరపడ్డావు దొరా. ఈయన బతికే ఉన్నాడు."

"తెలుసు," అంది గోడలోంచి మెత్తటి గొంతు.

టక్... మళ్ళీ తెరుచుకుంది.

"మరి ఎవరికోసం తెరిచావు?" గుసగుసగా అడిగింది.

ఏది అడిగినా ఠక్కున చెప్పే దొర, ఈసారి కిటికీలతోనే చెప్పింది.

బయట టక్‌మంది. ఎదురింటి కిటికీ. దాని పక్కిల్లు. ఆ పక్కది. వీధి పొడుగునా, కొండ దాకా... ఒక్కో కిటికీ.

ఎదురింటి ఉల్రికా కిటికీ దగ్గరికొచ్చింది. "గున్వోరక్కా! మీ దొరకి పిచ్చెక్కిందా ఏంటి? ఎముకలు కొరికే చలిలో ఈ కిటికీలు తియ్యడమేంటి!" అని కేకేసింది. వీధి దీపం సరిగ్గా ఆమె మొహం మీద పడుతోంది. అంత చలిలో, అంత కేక వేసినా, నోట్లోంచి ఆవిరి రాలేదు.

గున్వోర్ వెనక్కి తిరిగింది. సిక్స్టెన్ నోట్లోంచి మాత్రం తెల్లగా ఆవిరి వస్తోంది. ఊపిరి ఊపిరికీ.

ఆవిడ అరచెయ్యి నోటిముందు పెట్టుకుని ఊదింది. ఇంకోసారి ఊదింది... ఆవిరి రాలేదు.

"ఇలా రా అమ్మాయ్. కూర్చో." ముసలాయన తడుముకుంటూ ఆవిడ చెయ్యి అందుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆవిడ అందరికీ పట్టుకున్నట్టే, బొటనవేలితో మెల్లిగా నిమురుతూ.

"చలేస్తోందా?" అడిగాడు.

ఆవిడకి చలి వెయ్యడం లేదు.