గుంత షెడ్డులో మిగిలిన ముడి

మా వీధి చివర గుంత షెడ్డు ముందు కుక్క కూడా కాలెత్తదు.

రేకులు తుప్పు పట్టి, తలుపు ఒక రెక్క ఊడి, ముప్ఫై ఏళ్ళుగా అది అలాగే ఉంది. చీకటి పడ్డాక దాని ముందు నుంచి నడిచేవాళ్ళు మాట ఆపేస్తారు. లోపల, బండి కింద పని చేసుకోవడానికి తవ్విన గుంతలో, సిమెంటు మీద పానా పడ్డ చప్పుడు వస్తుందంటారు — టంగ్... ఒక్కసారే.

ఆ షెడ్డు ఎడంచేతి మేస్త్రీది. నాకు పని నేర్పిందీ ఆయనే, నా వీపు మీద వాతలు తేల్చిందీ ఆయనే. ఇంజిన్ విప్పితే, తెరుచుకున్న ప్రతి గొట్టానికీ దుమ్ము లోపలికి పోకుండా గుడ్డ దోపేవాడు. ఎన్ని గుడ్డలు దోపితే పురికొసకి అన్ని ముళ్ళు వేసి గుంత పక్కన మేకుకి తగిలించేవాడు. గుడ్డ తీస్తేనే ముడి విప్పాలి. పురికొస సాఫీగా ఉంటే తప్ప బండికి తాళం పెట్టనిచ్చేవాడు కాదు.

ఒకరోజు ఆయన భాగస్తుడు గుడ్డ తియ్యకుండానే ముడి విప్పేశాడు. తొందర. ఆ బండి వంతెన మీద ఆగిపోయింది... వెనక వచ్చే లారీ ఆగలేదు.

ఆ సాయంత్రం మేస్త్రీ చక్రాల పానా తీసుకుని భాగస్తుడి మోచెయ్యి విరగ్గొట్టాడు. వాడు అదే పానా లాక్కుని, మిగిలిన చేత్తో తిరిగి కొట్టాడు. మూడు దెబ్బలు. మూడోదానికి మేస్త్రీ గుంతలో పడ్డాడు, మళ్ళీ లేవలేదు. భాగస్తుడు మర్నాటికే దొరికాడు. పానా మాత్రం... ఎంత వెతికినా దొరకలేదు.

అప్పటినుంచీ ఆ షెడ్డులో ఎవరు చేతకాని పని చేసినా ఆయన కొడతాడని పేరు. అందులో తప్పేముందో నాకైతే తెలియదు.

ఇక మా బావ సంగతి. మా చెల్లెలి మొగుడు. ఒక పెళ్ళిలో పదిమంది ముందు, "మా బావమరిది చేతికి బండి ఇవ్వడమూ, పాడె కట్టించుకోవడమూ ఒకటే" అన్నాడు. నేను ఊరుకుంటానా. "నీ కారు కొండెక్కేలోపు నేను నడిచి ఎక్కి, దిగి, ఒక కునుకు తీస్తా" అన్నాను. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఏడు నెలలు మాకు మాటల్లేవు. నేనైతే ఇంకో ఏడేళ్ళు ఉండగలను.

ఆ మాట మనసులో పెట్టుకుని ఆయన తన పాత డీజిల్ కారుకి టర్బో బిగించాడు. ఇంటి దగ్గరే, ఫోన్లో చూస్తూ, మూడు ఆదివారాలు కూర్చుని. టర్బో అంటే పొగ తోపుకి తిరిగే చిన్న పంకా. ఇంజిన్లోకి గాలి కుక్కుతుంది. అది కాలిపోకుండా తిరగాలంటే ఆయిల్ కావాలి. ఒక గొట్టంలో ఆయిల్ వస్తుంది, ఇంకో గొట్టంలో కిందికి దిగిపోవాలి. అంతే. ఆ 'అంతే' దగ్గరే మనుషులు పోతారు.

మొదటిరోజు బాణంలా పోయింది. టర్బో చేత ఈల వేయించుకుంటూ మా ఇంటి ముందు నుంచి రెండుసార్లు తిరిగాడు. నేను తలెత్తలేదు. రెండోరోజుకి నీలం పొగ. మూడోరోజుకి ఆయిల్ సగానికి దిగింది. గాలి ఎక్కడైనా కారుతోందేమోనని గొట్టాలకి సబ్బునీళ్ళు రాశాడు — ఒక్క బుడగ లేదు. క్లిప్పులు బిగించాడు. గాలి ఫిల్టరు మార్చాడు. పొగ ఇంకా పెరిగింది. కోపం పట్టలేక సుత్తి తీసుకుని తన కారు దీపం తనే పగలగొట్టాడు.

అన్నయ్యని అడుగుదామంది మా చెల్లెలు. దానికి ఆయన అన్న మాట ఇక్కడ రాయను. మర్చిపోను కూడా.

అడుగున ఏముందో చూడాలంటే గుంత కావాలి. మా చుట్టుపక్కల గుంతలు రెండే. ఒకటి నా షాపులోది.

దెయ్యాలు పన్నెండు కొట్టాక వస్తాయంటారు. ఆ పూట ఎనిమిదిన్నర కూడా కాలేదు... ఇక్కడినుంచి మా చెల్లెలు నాకు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

కారుని మేస్త్రీ షెడ్డులో గుంత మీదికి తెచ్చి నిలబెట్టారు. బావ బానెట్ ఎత్తి, ఫిల్టరు గొట్టం పీకేశాడు — టర్బో నోరు బయటికి కనబడింది. టార్చి పట్టుకుని మెట్లమీదుగా గుంతలోకి దిగాడు. చెల్లెలు స్టీరింగ్ ముందు కూర్చుంది. స్టార్ట్ చెయ్యమన్నాడు, చేసింది. కొంచెం రేసు చెయ్యమన్నాడు, చేసింది. ఈల మొదలైంది.

"చాలు. కాలు తియ్యి."

తీసింది.

ఈల ఆగలేదు... పెరిగింది.

కాలు తియ్యమన్నానా లేదా అని కింద నుంచి తిట్టాడు. తీసే ఉంది. తాళం తిప్పింది — ఇంజిన్ ఆగలేదు. తాళంచెవి ఊడబీకింది. చెవి గుప్పెట్లో ఉంది... ఇంజిన్ గొంతు చించుకుంటోంది. తెల్లపొగ షెడ్డంతా కమ్మేసింది. పైన రేకులు దడదడలాడుతున్నాయి. కాళ్ళు కట్టేసి కొడుతున్న పశువులా కారు ఆ గుంత మీద ఎగిరెగిరి పడుతోంది.

బావ గుంతలోంచి పైకొచ్చాడు. కాగిన ఆయిల్ చిమ్మి సగం మొహం బొబ్బలెక్కింది. బానెట్ కిందికి వంగి, టర్బో నోటిని మూద్దామని ఉత్త అరచెయ్యి చాచాడు. లోపల పంకా నిమిషానికి వేలసార్లు తిరుగుతోంది. ఆ చెయ్యి పెట్టి ఉంటే వేళ్ళు ఇంజిన్లోకి, మిగతాది నేలమీదికి.

ఇంకో బెత్తెడు దూరం ఉందనగా —

టంగ్.

చాచిన చెయ్యి భుజం దగ్గర్నుంచి వేలాడిపోయింది. రెండో దెబ్బకి మోకాళ్ళ మీద పడ్డాడు. మూడోది పక్కటెముకల మీద... ఎముక విరిగిన చప్పుడు ఆ మోతలో కూడా వినబడిందట. వెనక్కి, గుంతలోకి పడిపోయాడు.

కొట్టిన చెయ్యి కనబడలేదు.

చెల్లెలు కారు దిగింది. ఎడమ చెవి పక్కన, ఊపిరి తగిలేంత దగ్గరగా, ఎవరో గుసగుసగా అన్నారు —

"దాని ఊపిరి ఆపు..."

కాలి దగ్గర జాకీ కింద పెట్టే చెక్క ఉంది. ఎత్తి టర్బో నోటికి అదిమింది. ఇంజిన్ చెక్కని లోపలికి లాగింది. వదలలేదు మా చెల్లెలు. రెండు గోళ్ళు ఊడొచ్చాయి, వదలలేదు. మెడ నొక్కిన మనిషిలా ఇంజిన్ గిలగిల కొట్టుకుంది. ఒక్క కుదుపు... ఇంకొకటి...

ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో గుంతలో సిమెంటు మీద — టంగ్. ఒక్కసారే.

చెల్లెలు మా ఇంటికి పరిగెత్తుకొచ్చి గుప్పెట తెరిచింది. రక్తంలో తాళంచెవి. నేను వెళ్ళి బావని గుంతలోంచి పైకి తీశాను. ఆయనతో మాట్లాడలేదు. మొయ్యడానికి మాటలక్కర్లేదు.

జబ్బ ఎముక రెండు చోట్ల, పక్కటెముకలు మూడు.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్ళి టర్బో విప్పాను. ఆయిల్ దిగిపోయే గొట్టంలో గుడ్డ. బిగించేటప్పుడు దుమ్ము పోకుండా దోపాడు, తియ్యడం మరిచాడు. రెండ్రోజులు ఆయిల్ని కాస్త కాస్త వదిలిన గుడ్డ మూడోరోజుకి బిగుసుకుపోయింది. కిందికి దారిలేని ఆయిల్ టర్బోలోంచి ఇంజిన్లోకి ఎక్కింది. ఇంజిన్ తన ఆయిల్ తనే తాగి పరిగెత్తింది. దానికి తాళంతో పనేముంది. గాలి మూస్తేనే చస్తుంది. ఈ మాట మా చెల్లెలి చిన్నప్పుడు అన్నం దగ్గర నేను వందసార్లు చెప్పి ఉంటాను, ఆ కంగారులో అదే చెవిలో మోగి ఉంటుంది. బావ అంటారా, బానెట్‌కి కొట్టుకుని, తూలి, మెట్లమీద పడి ఉంటాడు.

అంతా సరిపోయింది.

ఆస్పత్రికి వెళ్ళి ఆ గుడ్డ మంచం మీద పెట్టాను. బొత్తాం కూడా ఊడని చొక్కా చెయ్యి. ఎప్పుడో బండి తుడుచుకోవడానికని చెల్లెలు మా ఇంటినుంచి తీసుకెళ్ళింది. నాదే. ఆయన బాగున్న చేత్తో దాన్ని తిరగేసి చూశాడు.

"మీ చొక్కాక్కూడా నా మీద పగేనా, బావగారూ."

"చొక్కా మంచిదే. లెక్క తెలియని చేతిలో పడింది" అన్నాను.

ఏడు నెలల తర్వాత మొదటి మాటలు అవి. ఆయన నవ్వబోయి, ఎముకలు గుర్తొచ్చి మానుకున్నాడు.

షెడ్డులో చూసిన ఇంకో సంగతి మాత్రం ఆయనకి చెప్పలేదు.

గుంత పక్కన మేకుకి పురికొస వేలాడుతోంది. కొత్తది. తెల్లగా ఉంది. దానికి ఒక్కటే ముడి... మనం వేసే ముడి కాదు. ఎదురు తిరిగిన ముడి, ఎడంచేత్తో వేసింది.

ఈ పురికొస లెక్క తెలిసినవాళ్ళలో ఇక్కడ మిగిలింది నేనొక్కణ్ణే. నేనూ ఎప్పుడో మానేశాను. నా బుర్రలో లెక్క ఉండగా నాకు ముళ్ళెందుకు? నలభై ఏళ్ళలో నేను గుడ్డ మరిచిన బండి ఒక్కటి చూపించమనండి.

గుడ్డ దొరికింది కదా అని ఆ ముడి విప్పి, పురికొస జేబులో వేసుకున్నాను.

ఆ సాయంత్రం నా షాపులో ఒక వ్యాను ఇంజిన్ పని ముగించాను. అన్నీ బిగించి, తుడిచి, తెల్లారి ఇచ్చెయ్యడానికి గుంత మీద సిద్ధంగా నిలబెట్టాను. షట్టరు దించబోతూ తాళాల కోసం జేబులో చెయ్యి పెడితే పురికొస తగిలింది.

బయటికి తీశాను.

దానికి ముడి ఉంది.

విప్పాను కదా... ఈ చేతులతోనే విప్పాను. దీపం కింద పెట్టి చూశాను. ఎదురు తిరిగిన ముడి. ఒక్కటే.

నా గుడ్డలు పన్నెండు. బల్లమీద పరిచి లెక్కపెట్టాను.

పదకొండు.

మళ్ళీ లెక్కపెట్టాను... పదకొండు.

నా వెనక, వ్యాను కింద, గుంతలో సిమెంటు మీద పానా చప్పుడైంది.

పడిన చప్పుడు కాదు. ఎవరో చేతిలోకి తీసుకున్న చప్పుడు.